పాత్ర నైపుణ్యాలు – ఇంటి నియమాలు: పాత్రధారణ క్రీడను కురుపాం మన్యానికి అన్వయించే పద్ధతి

వ్యాససంగ్రహం:

బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ క్రీడల్లో ప్రతి పాత్రకూ కొన్ని నైపుణ్యాలు, వాటికి అంకెలు ఉంటాయి. ముద్రిత నియమగ్రంథం ఇచ్చిన నైపుణ్యాల పట్టికను ఆడేవారు తమ అవసరానికి మార్చుకోవడాన్ని ఇంటి నియమం అంటారు. పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం కొండప్రాంతాన్ని కథాస్థలంగా తీసుకున్నప్పుడు ఆ పట్టికలో ఏ మార్పులు అవసరమవుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. స్థానిక జ్ఞానాన్ని గౌరవించే ఉద్దేశంతో నైపుణ్యాలను చీలిస్తే, ఆ జ్ఞానం గల పాత్రే ఆటలో బలహీనపడుతుందని సంభావ్యత లెక్కలతో నిరూపిస్తుంది. అందుకు పరిహారంగా ఐదు ఇంటి నియమాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ క్రీడ, ఇంటి నియమం, నైపుణ్యం, సంభావ్యత, కురుపాం, సవర, జాతాపు, స్థానిక జ్ఞానం.

1. ఉపోద్ఘాతం:

ఇంటి నియమం అన్న భావన తెలుగువారికి కొత్తది కాదు. అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలు, గీసిన గడులు, కాయలు అంతటా ఒక్కటే. కానీ కాయను గడిలోకి దించడానికి ఏ పందెం పడాలి, ఎదుటివారి కాయను చంపనిదే లోపలి గడుల్లోకి పోవచ్చునా, వరుసగా పెద్ద పందేలు పడితే అవి చెల్లుతాయా అన్న విషయాల్లో ఊరికో పద్ధతి, ఇంటికో పద్ధతి కనిపిస్తుంది. వేసవి సెలవుల్లో ఒకచోట చేరిన పిల్లలు గవ్వలు వేయడానికి ముందే “మా ఊళ్ళో ఇట్లా కాదు” అని వాదించుకొని ఒక ఒప్పందానికి వస్తారు. ఆ ఒప్పందమే ఇంటి నియమం. ఆటకు ముందే తేల్చుకోవడం, అందరికీ సమానంగా వర్తింపజేయడం దాని రెండు లక్షణాలు.

పాత్రధారణ క్రీడ అంటే కొందరు ఒక బల్ల చుట్టూ చేరి, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ధరించి, మాటలతో కథను నడిపించే ఆట. ఒకరు నిర్వాహకులుగా ఉండి లోకాన్ని, సన్నివేశాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. ఫలితం సందిగ్ధంగా ఉన్నప్పుడు పాచికలు వేస్తారు. పాత్రకు ఆ పనిలో ఎంత నేర్పు ఉందో తెలిపే అంకెను పాచికల మొత్తానికి కలుపుతారు. నాటకానికి, జూదానికి, మౌఖిక కథనానికి నడుమ ఉన్న ఈ ప్రక్రియ జానపద విజ్ఞానం, భాషాబోధన, నాటకరంగం చదివేవారికి పరిశీలించదగినది.

అష్టాచెమ్మాలో ఇంటి నియమం గెలుపోటములను మాత్రమే మారుస్తుంది. పాత్రధారణ క్రీడలో అది మనిషికి ఏం తెలుసు, ఆ తెలివికి ఎంత విలువ అన్న ప్రశ్నను తాకుతుంది. ఈ వ్యాసానికి మూలం ఆ భేదమే.

2. నైపుణ్యం నియమంగా మారిన క్రమం:

పాత్రధారణ క్రీడలకు మూలం యుద్ధక్రీడల్లో ఉంది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడలో పటం, పాచికలు, మధ్యవర్తి ఉన్నారు. నియమాలు మితిమీరి ఆట కదలనప్పుడు, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే చాలునన్న వాదాన్ని 1876లో వెర్డీ దు వెర్న్వా ముందుకు తెచ్చాడు. నియమానికి, మధ్యవర్తి విచక్షణకు నడుమ ఏర్పడిన ఈ ఘర్షణ నేటికీ తీరలేదు. ఇంటి నియమాలు పుట్టేది ఆ సందులోనే.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తొలి రూపంలో నైపుణ్యాల పట్టిక లేదు. యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు అన్న మూడు వర్గాలు మాత్రమే ఉండేవి. చెట్టెక్కాలన్నా, ఏరు దాటాలన్నా ఆడేవారు చెప్పిన తీరును బట్టి నిర్వాహకులు నిర్ణయించేవారు. 1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధం దొంగ అనే వర్గాన్ని చేర్చి, తాళం తీయడం, చప్పుడు కాకుండా నడవడం, నీడలో దాగడం వంటి పనులకు శాతాలను కేటాయించింది. దానితో ఒక చిక్కు వచ్చిపడింది. దొంగకు చప్పుడు లేకుండా నడవడానికి ఇంత శాతం అని రాసిన తరువాత, అంకె లేని తక్కిన పాత్రలు అసలు మెల్లగా నడవలేవా? ఒక నేర్పుకు పేరు పెట్టి అంకె ఇచ్చిన క్షణమే, ఆ అంకె లేనివారికి ఆ నేర్పు లేదన్న అర్థం పుట్టుకొస్తుంది. నైపుణ్య నియమాలన్నింటిలోనూ ఈ చిక్కు ఏదో ఒక రూపంలో ఉంది.

1977లో వచ్చిన ‘ట్రావెలర్’ పాత్ర గతజీవితంలో చేసిన ఉద్యోగాల నుంచి నైపుణ్యాలను ఇచ్చింది. 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’ శాతాల పద్ధతిని పాత్రలందరికీ విస్తరించి, ఆటలో వాడిన నైపుణ్యమే పెరుగుతుందన్న నియమాన్ని తెచ్చింది. 2000 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడవ కూర్పు నైపుణ్యాలను అంచెలుగా కొనుక్కునే పద్ధతిని ప్రవేశపెట్టగా, 2014 నాటి అయిదవ కూర్పు వాటిని 18కి కుదించింది. కురుపాం వంటి ప్రాంతానికి వర్తించే జ్ఞానంలో అధికభాగం ఆ పద్దెనిమిదింటిలో ‘సర్వైవల్’ అనే ఒకే శీర్షిక కింద చేరిపోయింది. జాడ పట్టడం, వేటాడడం, దారి చూపడం, వాతావరణాన్ని ఊహించడం అన్నీ అందులోవే.

3. కురుపాం నేపథ్యం – ఒక్క శీర్షిక చాలదు:

కురుపాం ఒకప్పటి జమీందారీ కేంద్రం. విజయనగరం జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. శాసనసభ నియోజకవర్గంగా షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేయబడింది. చుట్టుపక్కల కొండల్లో సవరలు, జాతాపులు ప్రధానంగా నివసిస్తారు. కొండపోడు, మెట్టుపొలాలు, అటవీ ఫలసాయ సేకరణ, వారపు సంత ఈ ప్రాంత జీవనానికి ఆధారాలు.

ఇక్కడి మనిషికి తెలిసిన పనులను విడదీసి చూస్తే ‘సర్వైవల్’ అన్న మాట ఎంత పలుచనైనదో అవగతమవుతుంది. పోడు చేసేవారికి ఏ వాలు ఎన్నుకోవాలి, కొట్టిన పొద ఎప్పుడు ఎండుతుంది, తొలకరికి ఎన్నాళ్ళ ముందు కాల్చాలి, చోడి, సామ, కొర్ర, కంది విత్తనాలను ఎట్లా కలిపి చల్లాలి అన్నవి తెలియాలి. సవరలు కొండవాలును మెట్లుగా మలిచి, రాతికట్టలు పేర్చి, నీటిని పైమడి నుంచి కిందిమడికి దింపే విద్యకు ప్రసిద్ధులు. ఇది వ్యవసాయం మాత్రమే కాదు, కట్టడపు పని కూడా. జీలుగు చెట్టు గీసి కల్లు దించేవారి నేర్పు వేరు. తేనె తీయడం, అడ్డాకులు కోసి విస్తళ్ళు కుట్టడం, కొండచీపురు కోయడం వేరువేరు కాలాల్లో, వేరువేరు చేతులు చేసే పనులు. కొన్ని అడవి దుంపలు కోసి, ఉడికించి, పారే నీటిలో ఉంచితే తప్ప తినడానికి పనికిరావు. దుంపను గుర్తించడం ఒక విద్య, దాని విషాన్ని తీయడం మరొక విద్య. వానాకాలంలో గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఎక్కడ దాటవచ్చో తెలియడం ఇంకొకటి.

నియమగ్రంథం వీటన్నింటినీ ఒక శీర్షిక కిందికి తెచ్చి, మోసపు మాటకు, సభారంజనకు వేరువేరు శీర్షికలు ఇచ్చింది. ఆ గ్రంథకర్తల ఊహలోని సాహసికుడికి అడవి దాటిపోయే దారి మాత్రమే. కురుపాం కొండల వారికి అదే ఇల్లు, పొలం, అంగడి. పట్టికలో ఏ పనికి పేరు దక్కింది, ఏది ‘వగైరా’లో కలిసిపోయింది అన్నది రాసినవారి జీవనాన్ని బట్టి ఉంటుందనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

4. చీలిక తెచ్చే నష్టం – పాచికల లెక్క:

పై పరిశీలన తరువాత సహజంగా తోచే ఇంటి నియమం ఒకటుంది. ‘సర్వైవల్’ను తీసివేసి దాని స్థానంలో పోడు, చెట్టు, దుంప, జాడ, గెడ్డ అని ఐదు నైపుణ్యాలు పెట్టడం. ఉద్దేశం మంచిదే. ఫలితం విపరీతంగా ఉంటుంది.

ఉదాహరణకు ఒక సరళమైన పద్ధతిని తీసుకోవచ్చు. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, మొత్తానికి నైపుణ్యపు అంకె కలపాలి. 8 గాని, అంతకు మించి గాని వస్తే పని నెరవేరినట్లు. రెండు పాచికలు 36 విధాలుగా పడతాయి కనుక నెరవేరే అవకాశాలు ఇట్లా ఉంటాయి.

నైపుణ్యం 0 – 36లో 15, దాదాపు 42 శాతం
నైపుణ్యం 1 – 36లో 21, దాదాపు 58 శాతం
నైపుణ్యం 2 – 36లో 26, దాదాపు 72 శాతం
నైపుణ్యం 3 – 36లో 30, దాదాపు 83 శాతం

ఇరవై ముఖాల పాచిక ఒక్కటే వాడే పద్ధతిలో సాధారణంగా ప్రతి అంకె 5 శాతాన్ని మాత్రమే పెంచుతుంది. రెండు పాచికల పద్ధతిలో తొలి అంకెలు ఎక్కువగా, తరువాతి అంకెలు తక్కువగా కలిసివస్తాయి. కొత్తగా నేర్చుకున్నవారికి, ఏమీ తెలియనివారికి నడుమ పెద్ద అంతరం, ఇద్దరు నిపుణుల నడుమ చిన్న అంతరం ఉండడం లోకానుభవానికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఆ పద్ధతే గ్రహించబడింది.

ఇప్పుడు ఒక జాతాపు స్త్రీ పాత్ర, పట్నం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడి పాత్ర ఉన్నాయనుకోవాలి. మొదట ఆమెకు ‘అడవి జీవనం’ 2, ఆయనకు ‘వాదన’ 2. ఇద్దరి అవకాశం 72 శాతం. చీలిక తరువాత ఆమె తన రెండు అంకెలను రెండు నైపుణ్యాలకు చెరొకటిగా పంచుకుంటే మిగిలిన మూడింటిలో సున్నా. ఇక నిర్వాహకులు ఒకే ప్రయాణానికి జాడ, గెడ్డ, దుంప అని మూడు పాచికలు వేయిస్తే, అందులో రెండు 58 శాతానివి, ఒకటి 42 శాతానిది అయితే, మూడూ నెరవేరే అవకాశం దాదాపు 14 శాతం. ప్రతిదానిలోనూ 2 ఉన్నా మూడు వరుస పందేలు గెలిచే అవకాశం 38 శాతమే. ఉపాధ్యాయుడు ఒక్క వాదనతో, ఒక్క పందెంతో 72 శాతం దగ్గరే ఉన్నాడు.

పుట్టి పెరిగిన కొండలో ఆమె దారి తప్పుతుంది, కొత్తగా వచ్చినవాడు అధికారిని ఒప్పిస్తాడు. ఆమె జ్ఞానానికి ఐదు పేర్లు పెట్టిన నియమమే ఆమెను అజ్ఞానిగా చూపింది. పేర్లు పెంచడం వేరు, విలువ పెంచడం వేరు అన్న విషయాన్ని ఈ లెక్క తేటతెల్లం చేస్తుంది.

5. ప్రతిపాదిత ఇంటి నియమాలు:

5.1 కట్ట నియమం: పేర్లు విడివిడిగా ఉండాలి, అంకె ఒక్కటే ఉండాలి. కట్టెలమోపులో కట్టెలు వేరైనా కట్టు ఒక్కటే అయినట్లు, పాత్ర పత్రంలో ‘కొండ కట్ట 2’ అని రాసి, దాని కింద ఆ పాత్రకు తెలిసిన పనులను పేరుపేరునా రాయాలి. ఒక్కొక్క పని పక్కన దాన్ని ఎవరు నేర్పారో రాయడం ఉపయోగకరం. ‘జీలుగు గీత – మేనమామ’, ‘దుంప వండడం – అమ్మమ్మ’ అన్న రెండు మాటలు అంకె చెప్పలేని చరిత్రను చెబుతాయి. ఒక కార్యానికి ఒక్కసారే పాచిక వేయాలి. పేర్లు కథనానికి, అంకె ఫలితానికి.

5.2 పాచిక లేని పని: తన ఊరి పొలిమేరలో, తన కాలంలో చేసే నిత్యకృత్యానికి పాచిక అక్కరలేదు. తొందర, ప్రమాదం, అపరిచితత్వం అన్న మూడింటిలో కనీసం ఒకటి ఉన్నప్పుడే వేయాలి. ఇందుకు ముద్రిత నియమాల్లోనే ఆధారం ఉంది. 2000 నాటి కూర్పులో, ఒత్తిడి లేనప్పుడు పాచిక వేయకుండా 10 పడినట్లు భావించే వెసులుబాటు కల్పించారు. పందెం ఓడిపోయినా ‘ఆమెకు తెలియలేదు’ అని చెప్పకూడదు. పొద్దుపోయిందనో, గెడ్డ మళ్ళించిందనో, మోపు తడిసిందనో చెప్పాలి. ఓటమి పరిస్థితికి చెందాలి గాని జ్ఞానానికి కాదు.

5.3 భాషకు అంచెలు: అనేక నియమగ్రంథాల్లో భాష వచ్చు లేదా రాదు అన్నట్లే ఉంటుంది. కురుపాం ప్రాంతపు సంతలకు ఇది సరిపోదు. సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు, తెలుగు ద్రావిడ కుటుంబానికి, ఒడియా ఇండో-ఆర్య కుటుంబానికి చెందినవి. మూడు కుటుంబాల భాషలు పక్కపక్కనే వినిపించే చోట అరకొరగా రావడమే సాధారణ స్థితి. కనుక బేరానికి సరిపడే సంతమాట 1, కష్టసుఖాలు చెప్పుకునే ఇంటిమాట 2, పాటను, సామెతను గ్రహించే కథమాట 3 అని మూడు అంచెలు ఉండాలి. ఇద్దరి నడుమ సంభాషణకు వారిలో తక్కువ వచ్చినవారి అంచె పరిమితి అవుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు వేంకట రామమూర్తి సవర భాషను నేర్చి, 1931లో ఆ భాషకు బోధినిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. సంతమాట నుంచి కథమాట దాకా చేరడానికి ఒక జీవితకాలపు శ్రద్ధ అవసరమని ఆ కృషి చూపుతుంది.

5.4 కాలంతో పెరుగుదల: వాడిన నైపుణ్యమే పెరగాలన్న ‘రూన్‌క్వెస్ట్’ సూత్రం మంచిదే గాని, అక్కడ ఒక సాహసం ముగియగానే పెరుగుదలను చూస్తారు. పోడు ఏడాదికొక్కసారి వస్తుంది. కనుక ఆ పనికి తగిన ఒక కాలం గడవడం, నేర్పేవారు ఒకరు ఉండడం అనే రెండు షరతులు తీరితేనే అంకె పెరగాలి. పట్నపు పాత్ర కూడా ఈ దారిలోనే కొండపనిని నేర్వవచ్చు. జ్ఞానం పుట్టుకతో రాదు, తోడుండి నేర్చుకోవడంతో వస్తుంది అన్న సత్యం ఇందులో ఇమిడి ఉంది.

5.5 అంకెలోకి రానివి: వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన తన గ్రంథంలో సవరల మతజీవనాన్ని విపులంగా వర్ణించారు. పూజారి అయిన బుయ్య వేరు, మృతులతో, దేవతలతో మాట్లాడే కుడాన్ వేరు. రెండవ బాధ్యతలో స్త్రీలు ప్రముఖంగా ఉంటారు. దీనిని మాంత్రికుడి నైపుణ్యంగా మార్చి అంకె వేయడం ఆటకు సులభం. కానీ అది కొనుక్కునే నేర్పు కాదు. మృతులకు, బంధువులకు, ఊరికి నడుమ ఉన్న అనుబంధం. నేడూ జీవించి ఉన్న ప్రజల విశ్వాసాన్ని పాచికకు లోబరచరాదన్నది ఐదవ నియమం. అటువంటి వ్యక్తి కథలో ఉండవచ్చు, సలహా చెప్పవచ్చు. ఆ శక్తి మాత్రం పాత్ర పత్రంలో ఉండదు.

6. అన్వయం – ఏనుగుల గుంపు:

ఈ నియమాలను ఒక సన్నివేశంలో పరీక్షించవచ్చు. గత కొన్నేళ్ళుగా ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో తిరుగుతూ పంటలకు, ప్రాణాలకు నష్టం కలిగించిన సంగతి తెలిసిందే. ఆటలో ఒక రాత్రి గుంపు అరటితోట అంచుకు చేరింది. పాత్రలు దారి మళ్ళి ఊరు చేరాలి.

ముద్రిత పట్టిక ప్రకారం ‘జంతువులను మచ్చిక చేయడం’ అన్న నైపుణ్యంతో ఒక్క పాచిక వేస్తే చాలు. అది ఏనుగును గుర్రంతో సమానం చేస్తుంది. ‘ఆదివాసీ పాత్ర గనుక అన్ని జంతువుల సంగతీ తెలుసు’ అని నిర్ణయించడం మరొక పొరపాటు. ఏనుగు ఇక్కడికి ఇటీవల వచ్చిన జంతువు. దాని నడవడి కొండవారికీ కొత్తదే. 5.2 ప్రకారం దారి కనుక్కోవడానికి పాచిక అక్కరలేదు, అది ఆమె రోజూ నడిచే దారి. ఏనుగు విషయంలో తొందర, ప్రమాదం, అపరిచితత్వం మూడూ ఉన్నాయి కనుక పాచిక వేయాలి. కొండ కట్టలో ఏనుగు పేరు లేదు గనుక అంకె కలవదు. అవకాశం 42 శాతం. అటవీశాఖ సిబ్బంది వెంట తిరిగి గుంపు జాడలు చూసిన యువకుడి పాత్ర ఒకటి ఉంటే, అతని కట్టలో ఆ పేరు ఉంటుంది. అప్పుడు ఆమె దారి, అతని జాడ కలిసి ఊరు చేరుస్తాయి. ఉపాధ్యాయుడి వాదన ఆ రాత్రికి పనికిరాదు. మర్నాడు పంట పరిహారానికి అర్జీ రాసేటప్పుడు పనికివస్తుంది. ఎవరి జ్ఞానం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఆట స్వయంగా చూపుతుంది.

7. ముగింపు:

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి.

1. నైపుణ్యాల పట్టిక తటస్థమైనది కాదు. దేన్ని జ్ఞానంగా లెక్కించాలన్న నిర్ణయం అందులో దాగి ఉంటుంది.
2. స్థానిక జ్ఞానాన్ని అనేక నైపుణ్యాలుగా చీల్చి అంకెలను అదే మేరకు ఉంచితే, ఆ జ్ఞానం గల పాత్ర నష్టపోతుంది. 72 శాతం 14 శాతానికి పడిపోవడం ఇందుకు దృష్టాంతం.
3. పాచిక వేయనవసరం లేని చోటును గుర్తించడమే జ్ఞానానికి ఆట ఇవ్వగల ప్రధానమైన గౌరవం.
4. స్థానికతను సర్వజ్ఞతగా చూపడం కూడా అజ్ఞానంగా చూపడం వంటి దోషమే.
5. జీవించి ఉన్న విశ్వాసాలను అంకెలకు వెలుపల ఉంచడం ఆడేవారి బాధ్యత.

కళాశాలల్లో ఈ క్రీడను బోధనోపకరణంగా వాడదలచిన అధ్యాపకులు నియమాలను తాము ఖరారు చేసి తరగతికి ఇవ్వడం కంటె, కట్టలోని పేర్లను విద్యార్థులచేత వారి ఇళ్ళలో అడిగించి రాయించడం ఫలవంతం. కురుపాం పరిసరాల నుంచి వచ్చిన విద్యార్థి అమ్మమ్మను అడిగి తెచ్చిన ఒక పని పేరు ఏ నియమగ్రంథంలోనూ ఉండదు. గవ్వలు వేయడానికి ముందే పద్ధతి తేల్చుకునే పిల్లల వలె, ఆ పేరుకు ఎంత విలువ ఇవ్వాలో తరగతి మొత్తం చర్చించి నిర్ణయించుకోవాలి. జానపద వృత్తిపదాల సేకరణకు ఆ చర్చ పనికివచ్చే సామగ్రిని అందిస్తుంది.